బరువుతో దాటే గార్డ్ పాస్‌లు: మీ ఒంటికి, మీ మ్యాట్‌కు ఏది కుదురుతుంది?

కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల మూట వీపుకెత్తుకోగానే హమాలీ ఒకసారి భుజం ఎగరేసి సర్దుకుంటాడు. 50 కిలోల మూట వీపంతా పరుచుకుంటే లారీ దాకా నడిచిపోతాడు. అదే మూట కొస ఒకటి మెడ పక్క ఎముక మీద ఆనిందంటే నాలుగడుగులకే దించేస్తాడు. కిలోలు అవే, ఆనే చోటు మారిందంతే. జియు జిట్సు నేల మీద పట్లతో సాగే కుస్తీ లాంటి ఆట. కింద ఉన్నవాడు కాళ్లతో అడ్డుకోవడం గార్డ్, ఆ కాళ్లు దాటి పక్కకు చేరి అదిమిపట్టడం పాస్. ఇందులో ప్రెషర్ పాసింగ్ అంటే ఆ కొసను అవతలి మనిషి మీద ఆనించడం, అతన్ని సర్దుకోనివ్వకపోవడం.

కాబట్టి ఏ పాస్ నేర్చుకోవాలన్న ప్రశ్నకు మీరెన్ని కిలోలన్నది రెండో లెక్క. మీ ఒంట్లో ఏ కొసను మీరు వదలకుండా ఆనించగలరు, భుజాన్నా, తలనా, తుంటినా? అది మొదటి లెక్క. ఇక్కడ ఐదు పాస్‌లను పోలుస్తున్నాం: హాఫ్ గార్డ్‌లో (మీ ఒక కాలు అతని రెండు కాళ్ల మధ్య చిక్కిన చోట) భుజంతో ముఖం తిప్పి దాటే క్రాస్‌ఫేస్ పాస్, ఓవర్-అండర్, బాడీ లాక్, నీ కట్ (మోకాలితో కోసుకుంటూ దాటేది), డబుల్ అండర్. గందరగోళం లేకుండా అన్నిటినీ ఒకే దిక్కుకు రాశాం. ప్రతి పాస్‌లోనూ మీరు మీ ఎడమకు, అంటే అవతలి మనిషి కుడి పక్కకు దాటుతున్నారు. మీకు రెండో పక్క అలవాటైతే కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

ముందు కాటా మీద చూడండి

ఇంట్లో బరువు చూసుకునే మామూలు కాటా చాలు. దాన్ని నేల మీద పెట్టి, మడిచిన టవల్ కప్పి, ఛాతీ దాని మీద ఆనించి బోర్లా దిగండి. మోకాళ్లు నేలకు తాకించి అంకె చూసుకోండి. ఇప్పుడు మోకాళ్లు లేపి, కాళ్లు వెనక్కి చాపి, కాలి వేళ్లు నేలలో గుచ్చినట్టు తన్నిపట్టి మళ్లీ చూడండి. అంకె లేస్తుంది. అదే భంగిమలో ఒక అరచెయ్యి నేలకు ఆనించండి, వెంటనే పడిపోతుంది. చేతుల మీద, మోకాళ్ల మీద ఆనిన ప్రతి కిలో మ్యాట్‌కు దానం చేసినట్టే.

ఈ పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. తుంటి మరీ పైకెత్తితే ఛాతీ మీద బరువు ఉన్నట్టే ఉంటుంది గానీ, పక్కన ఎవరైనా వేలితో తోసినా ఒరిగిపోతారు. తుంటి కిందికి, కాలి వేళ్లు వెనక్కి, తోపు ముందుకు. ఐదు పాస్‌లకూ ఇదే పునాది. బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కాడి కింద ఎద్దు తల దించి వెనక గిట్టలతో నేలను తన్నినప్పుడే బండ కదులుతుంది.

మొదటి పాస్‌గా మా ఓటు హాఫ్ గార్డ్‌కే

మిగతా నాలుగూ సగంలో చెడితే ఎక్కువసార్లు మీరు తేలేది హాఫ్ గార్డ్‌లోనే. నీ కట్‌లో పాదం చిక్కితే హాఫ్ గార్డ్. బాడీ లాక్‌లో ఒక కాలే బయటపడితే హాఫ్ గార్డ్. అక్కడి నుంచి దాటడం చేతనైతే మిగతావి చెడినా భయం ఉండదు. గీ (జూడో లాంటి మందపాటి దుస్తులు) వేసుకున్నా, అది లేని నోగీ అయినా పనిచేస్తుంది. ఒంట్లో పెద్దగా వంపు అక్కర్లేదు.

మన వైపు ఇంకో కారణం కూడా ఉంది. అనంతపురం ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ లాంటి చోట్ల జూడో నేర్చుకుని ఆ తర్వాత జియు జిట్సుకు వచ్చేవాళ్లకు ఈ పాస్‌లో సగం ముందే వచ్చు. జూడోలో అదిమిపట్టి 20 సెకన్లు ఉంచితే ఇప్పోన్, అంటే పూర్తి గెలుపు, కానీ కింద ఉన్నవాడు కాళ్లతో మీ కాలు బిగించి ఉన్నంతసేపు ఆ లెక్కే మొదలవదు. చిక్కిన కాలు లాక్కోవడం వాళ్లకు పాత పనే.

మీ కుడి కాలు అతని రెండు కాళ్ల మధ్య చిక్కిందనుకోండి. అతను తన కుడి తుంటి మీద మీ వైపు తిరిగి, ఎడమ చెయ్యి మీ కుడి చంక కింద దూర్చాలని చూస్తాడు. పోరంతా ఆ చంక గురించే. ముందు మీ కుడి చెయ్యి అతని ఎడమ చంక కింద దూరాలి. మోచెయ్యి నేలకు ఆనుకుని, అతని చెవి వైపు అంగుళం అంగుళం పాకాలి. ఆ తర్వాత ఎడమ చెయ్యి అతని మెడ కిందుగా పోయి, ఎడమ భుజం అతని కుడి దవడ ఎముక కింద ఆనాలి. గొంతు మీద కాదు, దవడ మీద. గొంతు మీద ఆనిస్తే అతను గడ్డం దించుకుని ఓర్చుకుంటాడు. దవడ మీద ఆనిస్తే ముఖం అటు తిరుగుతుంది. ముఖం తిరిగిన దిక్కుకే వెన్నూ తిరుగుతుంది, తుంటి మీద ఉన్నవాడు వెల్లకిలా పడతాడు.

పడ్డాక తొందరపడకండి. చాలామందికి చెడేది ఇక్కడే. వెల్లకిలా పడగానే కాలు లాక్కోవాలన్న ఆత్రంలో ఛాతీ లేపేస్తారు. ఛాతీకి, ఛాతీకి మధ్య అరచేయి పట్టేంత సందు వచ్చిందంటే అతని మోచెయ్యి అందులోకి వచ్చేస్తుంది, పని మొదటికొస్తుంది. వరస ఇదీ: ముందు మోకాలు, తర్వాత పాదం. ఎడమ పాదంతో అతని మోకాలిని కిందికి తోస్తూ, మీ కుడి మోకాలిని అతని కుడి తొడ మీదుగా ఎడమకు జార్చి మ్యాట్‌కు దించండి. మోకాలు దిగాక పాదం ఒక్కటే చిక్కి ఉంటుంది. అప్పుడు తుంటిని అతని తల వైపు కొద్దిగా తిప్పి మడమ లాగండి. ఈ మొత్తంలో భుజం దవడ మీద నుంచి ఒక్కసారి కూడా లేవకూడదు.

అతను పై మోకాలిని, అంటే ఎడమ మోకాలిని, మీ ఛాతీకి అడ్డం పెడితే దాన్ని ఛాతీతో తోసి గెలవాలని చూడకండి. ఎముకకు ఎముక అడ్డం, మీరే అలిసిపోతారు. ఆ మోకాలిని కింది మోకాలి మీదకు అదిమి, రెండు తొడలూ ఒకదానిపై ఒకటి పడేలా చేసి, వాటి మీద మీ తుంటి వేసి కూర్చోండి. అడ్డం తొలగాక మళ్లీ చంక దగ్గరికి రండి.

ఎడమ చెయ్యి అతనే ముందు దూర్చేశాడా? మీ కుడి చేతిని అతని చేతి మీదుగా వేసి బిగించి, తుంటిని మ్యాట్ వైపు దించి, తల అతని తల పక్కకు తెచ్చి ఆపండి. ఆపడం వరకే, గెలవడం కాదు. అక్కడి నుంచి పాస్‌కు ఉరకొద్దు. అతను మీ తుంటి కిందికే దూరిపోతుంటే మీ బరువు మరీ పైకి, అతని తల దగ్గరికి పోయిందని అర్థం. మీ తుంటి అతని తుంటికి దగ్గరగా దిగాలి.

పోటీలో ఒక్క జాగ్రత్త. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు జిట్సు సమాఖ్య) నిబంధనల్లో ముందుకు కదలకుండా 20 సెకన్లు పడుకుంటే రెఫరీ పెనాల్టీ ఇస్తాడు. ఈ పాస్ నెమ్మదిది కాబట్టి అది ఎక్కువగా తగిలేది దీనికే. మోకాలు ఒక అంగుళమైనా కదులుతూ ఉండాలి.

ఓవర్-అండర్: గీ ఉంటే దీన్ని మించింది లేదు

వెల్లకిలా పడుకుని కాళ్లు చాచి ఆడేవాళ్ల మీద, మీ తొడకు వెనక నుంచి పాదం మెలేసే డె లా హీవా వాళ్ల మీద దీని ఉపయోగం కనిపిస్తుంది. 2015 ప్రపంచ పోటీల్లో బరువుతో సంబంధం లేని ఓపెన్ విభాగం గెలిచిన బెర్నార్డో ఫరియా పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఈ పాసే. అతను పెద్ద ఒళ్లున్న మనిషి. అయినా ఓవర్-అండర్ పెద్దవాళ్లదే అనుకోవడం పొరపాటు. ఇది బరువు కన్నా మొండితనం ఎక్కువ అడుగుతుంది.

కుడి చెయ్యి అతని ఎడమ తొడ కింద నుంచి, ఎడమ చెయ్యి అతని కుడి తొడ మీదుగా పోతాయి. కుడి భుజం అతని పొత్తికడుపులో, బెల్టు ముడి దగ్గర దిగుతుంది. తల అతని కుడి తుంటి పక్కన, చెవి తుంటికి అతుక్కున్నట్టు. కుడి చేత్తో నడుము వెనక బెల్టు గానీ, ప్యాంటు నడుంపట్టీ గానీ పట్టండి. ఎడమ చేత్తో అతని కుడి మోకాలి దగ్గర ప్యాంటు గుడ్డను ముద్దగా పట్టి నేలకు అదమండి. ప్యాంటు అంచు లోపలికి వేళ్లు దూర్చకండి, అది ఫౌల్.

ఇప్పుడు కాటా మీద చేసిందే: మోకాళ్లు లేపి, కాలి వేళ్లతో తన్ని, భుజంలోకి తోయండి. అతని ఊపిరి మారడం చెవికి వినిపిస్తుంది. చిన్న చిన్న అడుగులతో ఎడమకు నడవండి. అతని కుడి పాదం మీ కాళ్ల మధ్య అడ్డంగా ఉంటుంది. దాని మీదుగా రెండు కాళ్లూ ఒకేసారి ఎడమకు గెంతాలి. గెంతేటప్పుడు కాళ్లు మాత్రమే కదులుతాయి, భుజం అక్కడే. ఆపైన పొత్తికడుపు నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి భుజానికి పాకడమే. ఎడమ చెయ్యి మోకాలిని వదిలేది మీ ఛాతీ అతని ఛాతీ మీదకు వచ్చాకే. ముందే వదిలితే ఆ మోకాలు లోపలికి వచ్చేస్తుంది.

దీంట్లో పెద్ద ప్రమాదం ట్రయాంగిల్, అంటే కాళ్లతో మీ మెడ, ఒక చెయ్యి కలిపి బిగించడం. ఒక చెయ్యి కాలి కింద, ఒక చెయ్యి కాలి మీద ఉందంటే అతను మీ మెడ చుట్టూ ఎడమ కాలు వేయడానికి వీలు మీరే ఇచ్చారు. కాలు మెడ మీదకు రావాలంటే మీ తల లేవాలి. తల తుంటి పక్కన దాచుకుని, భుజం పొత్తికడుపులో దిగి ఉన్నంతసేపు అతని కాలు మీ వీపు మీద పడుతుంది గానీ మెడ దాకా రాదు. మీ తలను అతను చేత్తో అవతలికి తోసేస్తుంటే అది రాబోయేదానికి మొదటి సూచన. అప్పుడు ముందుకు పోవద్దు. రెండడుగులు వెనక్కి నడిచి, అతన్ని కాస్త లాగి, తల మళ్లీ అక్కడే పెట్టి మొదలెట్టండి.

నోగీలో చెమటకు జారుతుంది. పట్టుకోను గుడ్డ ఉండదు కాబట్టి రెండు చేతులూ కలిపి బిగించాలి, అప్పుడు అతని మోకాలిని అదిమే చెయ్యి తగ్గుతుంది. పనిచేయదని కాదు, గీలో ఉన్న పట్టు మాత్రం దొరకదు. చెవుల సంగతి కూడా ముందే తెలుసుకోండి. వారానికి మూడు నాలుగు రోజులు ఈ పాస్ చేస్తే చెవి నలిగి నెత్తురు గడ్డకట్టడం మామూలే. ఇయర్‌గార్డ్ కొనుక్కోవడం సిగ్గు పడాల్సిన పని కాదు. వాచిన చెవిని ఇంట్లో సూదితో పొడవకండి, డాక్టరుకు చూపించండి.

బాడీ లాక్: కుస్తీ ఒంటికి ఇదే దగ్గర

నోగీ మాత్రమే చేసేవాళ్లు, కుస్తీ నుంచో కబడ్డీ నుంచో వచ్చినవాళ్లు ఓవర్-అండర్ పక్కన పెట్టి నేరుగా దీనికి రావచ్చు. నడుం పట్టడం వాళ్లకు నేర్పక్కర్లేదు, పట్టాక తుంటి దించడం నేర్పాలి. నోగీ పోటీల్లో గోర్డన్ రయన్ ఆట చూసి దీని వెంటపడినవాళ్లు చాలామంది. వాళ్లు చూడాల్సింది చేతుల్ని కాదు, అతని తుంటి ఎక్కడుందన్నది.

కూర్చుని రెండు పాదాలూ మీ తొడల కింద హుక్‌లా పెట్టి ఎత్తి పారేసే బటర్‌ఫ్లై గార్డ్ మీద బాడీ లాక్ బాగా నడుస్తుంది. రెండు చేతులూ అతని పక్కటెముకల కిందుగా, నడుం చుట్టూ పోయి వెనక కలవాలి. అరచెయ్యికి అరచెయ్యి పట్టండి. వేళ్ల మధ్య వేళ్లు దూర్చి పట్టకండి, అతను వెల్లకిలా పడగానే ఆ వేళ్లు రెండు ఒళ్ల కింద నలుగుతాయి. తల అతని ఛాతీ ఎముక మీద, గడ్డం కింద ఉండాలి. తుంటి వెనక్కి, కిందికి దించి కాళ్లు చాపితే అతని హుక్‌లకు ఎత్తే బలం ఉండదు.

తర్వాత మీ ఎడమ మోకాలితో అతని కుడి మోకాలిని లోపలికి నెట్టండి. రెండు మోకాళ్లూ మీ కుడి వైపుకు వాలతాయి. ఎడమ కాలు బయటి నుంచి దాటుతుంది. కుడి కాలు ఇంకా హుక్‌లోనో, హాఫ్ గార్డ్‌లోనో ఉంటుంది. నడుం పట్టు వదలకుండా తుంటి లేపి, కుడి కాలు నిటారుగా చాపి వెనక్కి తన్ని విడిపించుకోండి. రాకపోతే చేతులు వదిలి పైన చెప్పిన క్రాస్‌ఫేస్‌కు మారిపోవచ్చు. మొదట అది నేర్చుకోమన్నది ఇందుకే.

చేతులు పొట్టిగా ఉండి, అవతలి మనిషి నడుం లావైతే చేతులు కలవవు. కలవని చేతులతో లాగడం కన్నా వేరే పాస్ చూసుకోవడం మేలు. తల ఛాతీ మీద నుంచి పక్కకు జారిందా, గిలటీన్ (చేత్తో ముందు నుంచి మెడ బిగించే పట్టు) పడుతుంది. గీలో అయితే అతను కాలర్ పట్టి గొంతు బిగించే వీలుంది, రెండు చేతులూ అతని వెనక చిక్కుకుని ఉన్నప్పుడు మీరు అడ్డుకోలేరు. అందుకే గీలో దీన్ని రెండో ఎంపికగానే ఉంచుకోండి. చీలమండలు మీ నడుం వెనక బిగించిన క్లోజ్డ్ గార్డ్‌లో ఇది అసలు మొదలే కాదు. ముందు ఆ ముడి విప్పాలి.

నీ కట్, డబుల్ అండర్

నీ కట్‌ను వేగం పాస్‌గా నేర్పేవాళ్లున్నారు. నెమ్మదిగా, ఛాతీ దించి చేస్తే అది ప్రెషర్ పాసే. గీతో కలిపి 76 కిలోల లోపు తూగే లైట్ వెయిట్‌లో లూకస్ లెప్రి చాలాసార్లు ప్రపంచ విజేత అయ్యాడు, అతని చేతిలో ఇది నలిపే పాస్. బరువు తక్కువవాళ్లకు ప్రెషర్ కుదరదు అనేవాళ్లకు అతని ఆటే జవాబు.

కుడి పాదం అతని కాళ్ల మధ్య. కుడి మోకాలు అతని కుడి తొడ మీదుగా ఎడమకు కోసుకుంటూ దిగుతుంది. కుడి చెయ్యి అతని ఎడమ చంక కింద, ఎడమ చెయ్యి అతని కుడి మోచేతిని పైకి లాగి పట్టి ఉంటుంది. ఎడమ పాదం వెడల్పుగా వెనక. చంక కింద చెయ్యి లేకుండా మోకాలు దించితే అతను అదే చంకలోంచి లేచి మీ వీపెక్కుతాడు, మీరిచ్చేది 4 పాయింట్లు. చెయ్యి దొరకకపోతే మోకాలు దించొద్దు, అంతే. ఇందులో బరువు ఒక క్షణం మోకాలి లోపలి వైపు పడుతుంది. పాదం అతని కాళ్లలో చిక్కి, ఒళ్లు ముందుకు పోతే ఆ మోకాలు మెలిపడుతుంది. కబడ్డీలో ఒకసారి లిగమెంట్ దెబ్బతిన్న మోకాలైతే నీ కట్ జోలికి పోకండి, ఓవర్-అండర్ చాలు. దాంట్లో మోకాలికి మెలి ఉండదు.

డబుల్ అండర్‌ను చివరికి వదిలేయమని మా సలహా. రెండు చేతులూ రెండు తొడల కింద దూర్చి, అతని తుంటిని మీ తొడల మీదకు ఎత్తి, భుజాల మీద మడతపెట్టి, ఎడమకు నడిచి కాళ్లు విదిలించడం. దొరికితే చాలా త్వరగా అయిపోతుంది. కానీ బరువంతా కిందవాడి మెడ మీద పడుతుంది. మెడ నొప్పి ఉన్న జోడీతో, కొత్తవాళ్లతో, పిల్లలతో చేయకూడదు. తుంటి ఎత్తేటప్పుడు మీ నడుం వంగి ఉంటే మీ వెన్నూ పడుతుంది. బాగా వంగే ఒళ్లున్నవాడు ఎలాగూ వెనక్కి దొర్లి లేచి కూర్చుంటాడు.

మీ ఒళ్లు, మీ ఊరు, మీ మ్యాట్

60 కిలోల లోపు ఉన్నవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లతో కలిసి సాధన చేసే అమ్మాయిలు, ఓవర్-అండర్ కన్నా నీ కట్, హాఫ్ గార్డ్ జతను ముందు పెట్టుకోవడం మంచిది. ఓవర్-అండర్‌లో చెడితే పెద్ద మనిషి కాళ్ల కింద ఇరుక్కుంటారు. నీ కట్‌లో చెడితే హాఫ్ గార్డ్ పైనే ఉంటారు. 85 దాటినవాళ్లకు వేరే జబ్బు: బరువు చూసుకుని భుజం ఎక్కడ ఆనించాలో నేర్చుకోరు. తమకన్నా బరువైనవాడు ఎదురైన రోజు చేతిలో ఏమీ ఉండదు. వాళ్లకు మొదటి ఆరు నెలలు క్రాస్‌ఫేస్ ఒక్కటే పట్టుకోమని చెబుతాం.

ఎండాకాలం లెక్క వేరు. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన రోజు సాయంత్రం క్లాసుకు రేకుల షెడ్డు ఇంకా కాగుతూనే ఉంటుంది. మందపాటి గీ వేసుకుని ఓవర్-అండర్ ఆరు రౌండ్లు చేస్తే పైవాడి కన్నా కిందవాడికి ప్రమాదం, ఛాతీ మీద బరువు, ముఖం మీద గుడ్డ, గాలి లేదు. ఆ రెండు నెలలు ఉదయం ఐదున్నర, ఏడు మధ్య చేసుకోండి. రౌండు 5 నిమిషాల బదులు 3 నిమిషాలు. మధ్యలో ఉప్పేసిన మజ్జిగ. ఊపిరాడక చేసిన ట్యాప్‌ను (ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టడాన్ని) కూడా ట్యాప్‌గానే లెక్కించి వెంటనే లేవాలి, ఇంకా గొంతు పట్టలేదు కదా అని వాదించకూడదు. భుజం, మోకాలు కిందవాడి పక్కటెముకల మీద ధబీమని వేయకండి. ఆనించి తర్వాత బరువు పెంచాలి. కిందవాడి పక్కటెముక పట్టేస్తే అతను వారాల తరబడి మ్యాట్‌కు దూరమవుతాడు, చిన్న ఊళ్లలో ఒక జోడీ పోతే సాధనే ఆగిపోతుంది.

మ్యాట్ గురించి ఎవరూ చెప్పరు గానీ ప్రెషర్ పాసింగ్‌కు అదే సగం. మన ఊళ్లలో చాలా హాళ్లు కడప బండల మీద, అంచు పళ్లు ఒకదానిలో ఒకటి ఇరికే పలకల మ్యాట్‌లు పరిచినవి. బండ నున్నన, మ్యాట్ అడుగు నున్నన. మీరు కాలి వేళ్లతో వెనక్కి తన్నగానే పలకల మధ్య సందు విడిపోతుంది, బొటనవేలు అందులో దూరి మెలిపడుతుంది. 20 మిల్లీమీటర్ల మ్యాట్ అయితే బండ గట్టితనం మోచేతికి తగులుతుంది కూడా. 40 మిల్లీమీటర్లవి తీసుకోండి. చుట్టూ చెక్క చట్రం బిగించండి, లేదా రెండు వైపులా గోడకు ఆనేలా పరచండి. పైన మందపాటి కాన్వాస్ లాగి కడితే సందులు కనిపించవు, కాలికి పట్టు కూడా దొరుకుతుంది. మ్యాట్ ఊడుతున్న హాలులో ఓవర్-అండర్ ఎంచుకోకండి. హాఫ్ గార్డ్ పాస్‌లో కాళ్ల తోపు తక్కువ కాబట్టి అది కుదురుతుంది.

ముఖానికి ముఖం, చర్మానికి చర్మం రాసుకునే పని ఇది. తామర ఒకరికి వస్తే పదిరోజుల్లో క్లాసంతా ఉంటుంది. గీ ప్రతిసారీ ఉతకడం, మ్యాట్ రోజూ బ్లీచింగ్ నీళ్లతో తుడవడం, మచ్చ కనిపించినవాళ్లు మానేవరకు రాకపోవడం. దీంట్లో మొహమాటం పనికిరాదు.

సాధన ఎలా, ఎప్పుడు మార్చాలి

పాస్ ఒకటి ఎంచుకున్నాక ఎనిమిది వారాలు దాన్నే పట్టుకోండి. రౌండును నిలబడి మొదలుపెట్టకండి. హాఫ్ గార్డ్ ఎంచుకుంటే కాలు చిక్కిన చోటు నుంచే, రెండు చేతులూ ఖాళీగా మొదలుపెట్టండి. దాటి 3 సెకన్లు అదిమి ఉంచితే మీ గెలుపు, పోటీలో 3 పాయింట్లు వచ్చేదీ అప్పుడే. మొదటి రెండు వారాలు జోడీ మూడోవంతు బలంతో అడ్డుకోవాలి, తర్వాతి మూడు వారాలు మూడింట రెండొంతులు, ఆపైన పూర్తిగా. రోజుకు 3 నిమిషాల రౌండ్లు నాలుగైదు చాలు.

ప్రతి రౌండులో ఎక్కడ ఆగిందో ఒక్క ముక్కలో రాసిపెట్టుకోండి: చంక, దవడ, మోకాలు, పాదం. వారం చివర లెక్కేస్తే ఒక మాట ఎక్కువసార్లు ఉంటుంది. చంక దగ్గరే ఆగుతుంటే అది పాస్ తప్పు కాదు, మీ చెయ్యి ఆలస్యం. ఇంకా దూరం నుంచే, మోకాలు మ్యాట్‌కు తాకకముందే చంక పట్టుకోవాలి. పాదం దగ్గర ఆగుతుంటే పాస్ వచ్చేసినట్టే, ఇంకో రెండు వారాలు ఆగండి. దవడ దగ్గరే ఎనిమిదో వారానికీ ఆగుతుంటే, అతను ముఖం తిప్పనీయకుండా ప్రతిసారీ మోచెయ్యి అడ్డం పెడుతుంటే, భుజంతో ఆనించడం మీ ఒంటికి పడటం లేదు. పొట్టి చేతులు, గట్టి నడుం ఉన్నవాళ్లలో ఇలా కనిపిస్తుంది. వాళ్లు క్రాస్‌ఫేస్ వదిలేసి, తొడల మీద తుంటి వేసి మోకాళ్లు అదిమే పద్ధతి నుంచే దాటడం మొదలుపెట్టాలి. భుజం పనిని తుంటి చేస్తుంది.

ఐదు నిమిషాల వైట్ బెల్ట్ పోటీకి పోతున్నవాళ్లు గడియారం కూడా చూసుకోవాలి. స్వీప్‌కు దొరికి, అంటే కిందవాడు మిమ్మల్ని తిప్పేసి పైకొచ్చి, 2 పాయింట్లు వెనకబడి, రెండు నిమిషాలే మిగిలి ఉంటే హాఫ్ గార్డ్‌లో భుజం ఆనించి ఓపిక పట్టడానికి వ్యవధి చాలదు. అందుకని మొదటి నిమిషంలోనే పైకి రావడం, వచ్చిన వెంటనే చంక తీసుకోవడం సాధనలోనే అలవాటు చేసుకోండి. జోడీని పక్కన గడియారం పట్టుకుని అరవమనండి, 20 సెకన్లు కదలకపోతే రౌండు అక్కడికక్కడే ఆపించి మొదటి నుంచి పెట్టించండి.